ఇంగితజ్ఞానము - నగరనిర్మాణము

మన భాషలో "ఇంగితజ్ఞానము" అను మాటకొక విశేషము కలదు. సంస్కృతమున ఇంగితమనఁగా మనసులోని యభిప్రాయమును బయలుపెట్టు చేష్ట: కనుచూపు, తలయూఁపు, అడుగు వెనుకకు వేయుట మొదలగునవి. కావున ఇంగితజ్ఞానమనఁగా ఎదుటివాఁడు నోరు విప్పకయే చెప్పు మాటను గ్రహించుట. కాని తెలుఁగువారి వ్యవహారమున నా మాటకు మర్యాద యెఱుఁగుట యను నర్థము స్థిరపడినది. "వానికి ఇంగితజ్ఞానము లేదు" అని మన యిండ్లలోఁ బెద్దలు మందలించునపుడు, వానికి ముఖము చూచి భావము చదువుట రాదని మాత్రమే వారి తాత్పర్యము కాదు. ఎదుటివారి యిబ్బందిని గమనించి దానికిఁ దగినట్లు నడచుకొనలేదని. చదువుటయు, తగినట్లు నడచుకొనుటయు ఒక్క మాటలో నిమిడియుండుట మన భాష మనకుఁ జేసిన యుపకారము. ఈ రెండింటిని వేఱుచేసినచో నేమి కలుగునో తెలిసికొనుటకై, అమెరికాదేశమునఁ బుట్టిన యొక చిన్న పుస్తకమును విమర్శింపఁ బూనుచున్నాను.

ఆ పుస్తకము పేరు "ది సోషల్ లైఫ్ ఆఫ్ స్మాల్ అర్బన్ స్పేసెస్". "నగరములలోని చిన్న బయళ్ల సాంఘికజీవనము" అని దానిని తెనిఁగింపవచ్చును. 1980వ సంవత్సరమునఁ బ్రకటితమైనది. ఆ పేరుతోనే యొక చలనచిత్రమును గలదు. గ్రంథకర్తయగు విలియం హెచ్. వైట్ (1917-1999) వాస్తుశిల్పి కాఁడు; పత్రికారచయిత. 1956లో "ది ఆర్గనైజేషన్ మ్యాన్" అను గ్రంథము వ్రాసి పేరొందినవాఁడు. నేఁడు వాస్తువిద్యార్థులకు "ఒక బహిరంగస్థలమునకుఁ బోయి, అచటి జనుల చేష్టలను గమనించి, తదనుగుణముగా నిర్మాణప్రణాళిక సిద్ధపఱుపుఁడు" అని యుపాధ్యాయులు పని యొప్పగించుట పరిపాటి. ఆ పద్ధతికి దారితీసిన ముఖ్యగ్రంథములలో నిది యొకటి. కావునఁ బుస్తకము పాతదైనను దాని ప్రభావము పాతదికాలేదు.

మొదట దాని పుట్టుకను జెప్పవలయును. 1961లో న్యూయార్కు నగరమున నొక నిబంధన యేర్పడెను. పెద్దభవనము కట్టువాఁడు తన నేలలోఁ గొంతభాగమును జనుల యుపయోగమునకు బయలుగా విడిచినయెడల, విడిచిన ప్రతి చదరపుటడుగునకును 10 చదరపుటడుగుల చొప్పున భవనములో నదనముగాఁ గట్టుకొనవచ్చును. ఈ లాభమునకాశించి కట్టించువారందఱు బయళ్లను విడిచిరి. 1972 నాఁటికి అట్టి బయలు సుమారు 20 ఎకరములైనది. లోకములో నంతకంటె ఖరీదైన నేల మఱియొకచోట నుండదు. కాని జనులు వచ్చిరా? పార్క్ ఎవెన్యూ వీధిలో 1958లోఁ బూర్తియైన సీగ్రమ్ భవనము ముందఱి బయలు మధ్యాహ్నవేళ జనులతో నిండియుండఁగా, తక్కినవానిలోఁ బెక్కులు దాఁటిపోవుటకు మాత్రమే పనికివచ్చుచుండెను. నిబంధన నెఱవేఱినది, దాని యుద్దేశము నెఱవేఱలేదు.

ఇందుకుఁ గారణమేమని వైట్ విచారింపఁబూనెను. 1970 ప్రాంతమునఁ గొందఱు యువపరిశోధకులను గూర్చుకొని, ఛాయాగ్రాహకయంత్రములను మేడలపై నమర్చి, నిమిషము నిమిషమునకు జనులెచటఁ గూర్చుండిరి, ఎంతసేపుండిరి, ఎటు తిరిగి మాటలాడిరి యని లెక్కవ్రాసెను. మొదట సూర్యకాంతియే కారణమనుకొనిరి; లెక్కలు సమ్మతింపలేదు. బయలు ఆకారమనుకొనిరి, అదియుఁ గాలేదు. విశాలత యనుకొనిరి, చిన్నబయళ్లు కొన్ని నిండియుండ, పెద్దవి కొన్ని వట్టివిగా నుండెను. తుదకుఁ దేలినదేమనఁగా, కూర్చుండుటకుఁ జోటు ఎచట నెక్కువగాఁ గలదో అచట జనులు కూర్చుండిరి. ఈ ఫలితము పండితులను దిగ్భ్రమపఱచునది కాదని వైట్ తానే హాస్యమాడినాఁడు. తాననుకొన్న కారణములు ఒక్కొక్కటియే యెట్లు వీఁగిపోయెనో దాఁచక చెప్పుట యీ గ్రంథమున నన్నిటికంటె మెచ్చఁదగిన గుణము. సిద్ధాంతము ముందు, సాక్ష్యము తరువాత నమర్చుకొను గ్రంథములు చదివి విసిగినవారికి ఇది యూఱట.

సీగ్రమ్ భవనము వాకిట జనులు ఎక్కువగాఁ గూర్చున్నవి ఆసనములు కావు, అంచుగోడలును, మెట్లును. మన యిండ్లకు వీధియరుగులెట్టివో అచట నా గోడలట్టివి. ఎత్తు ఒక అడుగునకుఁ దగ్గక, మూఁడడుగులకు మించకయున్న యే గట్టుమీఁదనైనను మనుష్యుఁడు కూర్చుండునని వైట్ కొలిచి చెప్పెను. ఈ శ్రమ వృథపోలేదు. 1975లో న్యూయార్కు నిబంధన సవరింపఁబడి, ప్రతి 30 చదరపుటడుగుల బయలునకు ఒక అడుగు పొడవున కూర్చుండు చోటుండవలెనని నియమమయ్యెను. విమర్శకుఁడొకఁడు వీధిలో నిలిచి చూచినది శాసనమగుట సామాన్యవిషయము కాదు.

అయినను నా దృష్టిలో నీ గ్రంథమునకుఁ బ్రాణము ఆ కొలతలు కావు. మాటలేని సంభాషణములను వర్ణించిన పుటలు. కదలింపఁదగిన కుర్చీని గూర్చి యతఁడు చెప్పినది చూడుఁడు. మనుష్యుఁడు కుర్చీలోఁ గూర్చుండుటకు ముందు దానిని నాలుగంగుళములు అటో యిటో జరుపును. ఒక్కొక్కప్పుడు జరిపిన తరువాత నది మొదటిచోటికే వచ్చును. ఎండకుఁ గాదు, నీడకుఁ గాదు. ఈ చోటు నేను కోరుకొన్నది యని తనకుఁ దానే చెప్పుకొనుట యది. మఱియు, అపరిచితుల ప్రక్కను గూర్చుండవలసివచ్చినవాఁడు కుర్చీని కొంచెము పెడగాఁ ద్రిప్పును. "వేఱుచోటు లేక వచ్చితిని, మీ యేకాంతమునకు భంగము చేయను" అని దాని భావము. అవతలివారిలో నొకరును దమ కుర్చీని రవంత జరిపి "సరే" యందురు. ఒక్క పలుకు లేకుండ క్షమాపణమును, అంగీకారమును జరిగిపోయినవి. నేలకుఁ బాఁతిన బల్ల యీ మాట చెప్పనీయదు. దానిని నాఁటించినవాఁడు ఇద్దఱికి నడుమ నుండవలసిన దూరమును దానే నిర్ణయించి, వారి నోరు, అనఁగా వారి కుర్చీ, కట్టివేసినాఁడన్నమాట.

ఇంతకంటెను వింతయైన దొకటి కలదు. వీధిమూలలయందు మగవారు గుంపుగా నిలిచి యూరకుండుటను వైట్ చూచెను. ఎవఁడును మాటలాడఁడు. కొంతసేపటికొకఁడు మునిగాళ్లమీఁదికి లేచి మడమలమీఁదికి దిగును. అట్లే మెల్లగా నూఁగి యాగును. తరువాత మఱియొకఁ డట్లే చేయును. ఒకఁడు కుడివైపునకు సగము తిరుగును. కొంతవ్యవధి తరువాత నింకొకఁడు ఎడమవైపునకుఁ దిరుగును. ఏదో సందేశము నడచుచున్నదని తోఁచును గాని దాని గుట్టు తనకుఁ బట్టువడలేదని వైట్ ఒప్పుకొనెను. ఇంగితమును జదువఁబోయినవాఁడు చదువలేనిచోట నాగుట గొప్ప సంస్కారము. అతని పుస్తకమును బట్టుకొని తిరుగువారిలో నందఱకును ఆ సంస్కారమబ్బలేదు. నా మొదటి యాక్షేపణము వారిమీఁదనే.

మన యాలంకారికులు ఈ విషయమున నెంతో జాగరూకులు. నాట్యశాస్త్రము కన్నీటిని సాత్త్వికభావములలోఁ జేర్చి, దానికిఁ గారణములను బేర్కొనునపుడు శోకము నొక్కదానినే చెప్పి యూరకుండలేదు. ఆనందము, కోపము, భయము చెప్పినది. వానితోఁబాటు పొగ, కాటుక, ఆవులింత, చలి, రోగము, ఱెప్పవేయక చూచుట యనువానిని గూడఁ జెప్పినది. చిహ్నమొక్కటి, కారణములు పది. నటుఁడు శోకము నభినయించునపుడు సందర్భము, ముఖరాగము, తక్కిన చేష్టలు కలిసి "ఇది పొగ కాదు, శోకము" అని నిశ్చయింపఁజేయును. రంగస్థలమున నట్టి యేర్పాటు కలదు. వీధిలో లేదు. ఒక్క చేష్టనుండి ఒక్క భావమును గట్టిగా నూహించుట తార్కికుల భాషలో ననైకాంతికహేతువు: ఆ హేతువు ఈ యర్థమునందును ఉండును, దానికి విరుద్ధమైన దానియందును ఉండును.

దృష్టాంతమునకు ఎడ్వర్డ్ టి. హాల్ 1966లోఁ బ్రకటించిన "ది హిడెన్ డైమెన్షన్" అను గ్రంథమును జూడవచ్చును. మనుష్యుల నడుమనుండు దూరములను అతఁడు నాలుగు తెగలు చేసెను: 18 అంగుళముల వఱకు అత్యంతసన్నిహితము, అచటినుండి 4 అడుగుల వఱకు స్వకీయము, 12 అడుగుల వఱకు సాంఘికము, ఆపైన బహిరంగము. ఈ కొలతలు అమెరికా యీశాన్యతీరమునఁ బుట్టిపెరిగిన, ఆరోగ్యవంతులైన మధ్యతరగతి పెద్దలను ముఖ్యముగాఁ జూచి చేసినవనియు, సర్వమానవులకుఁ జెల్లవనియు హాల్ తానే హెచ్చరించెను. హెచ్చరిక వెనుకఁబడినది, అంకెలు మాత్రము దేశదేశములు తిరుగుచున్నవి. పెండ్లిపందిటిలో భుజమునకు భుజము తగులఁ గూర్చుండి సంతోషించు తెలుఁగువారి నడుమ 4 అడుగుల కొలత పట్టుకొని తిరుగువానికి దొరకు ఫలమేమి? కొలత తప్పు కాదు; అది యెవరి కొలతయో మఱచుట తప్పు.

రెండవ యాక్షేపణము ఇంతకంటె బరువైనది, ఇది వైట్‌మీఁదనే. ఛాయాగ్రాహకయంత్రము వచ్చినవారినే చూచును, రానివారిని జూడదు. దీనిని గొంతవఱకు వైట్ ఎఱుఁగును. ఏ బయలునందు స్త్రీల పాలు సగటుకంటెఁ దక్కువయో అచట నేదో లోపమున్నదని అతఁడు సూత్రము చేసెను. మగవారు వీధికి ముందువరుసలో, వాకిలి కాచువారివలెఁ గూర్చుందురనియు, స్త్రీలు కొంచెము లోపలిచోట్లను గోరుదురనియుఁ గనిపెట్టెను. ఇంతవఱకు మేలు. కాని హేతువు చెప్పవలసివచ్చినపుడు, స్త్రీలు చోటును ఏఱుకొనుటలో నెక్కువ వివేచన గలవారనియు, చికాకులకు నొచ్చుకొను స్వభావము కలవారనియుఁ జెప్పి ముగించెను. ఆ చికాకు లెవ్వి? ఎవరివలనఁ గలుగునవి? వేఱొకచోట, బయళ్లలోఁ గూర్చుండి వచ్చిపోవు యువతులను జూచు మగవారిని వర్ణించుచు, అదియంతయు వట్టి బింకమే గాని వారిలో నెవఁడును యువతిని బలుకరింప యత్నించుట తాము చూడలేదని నవ్వుచు వ్రాసెను. చూచువానివైపునుండి యది హాస్యమే. చూడఁబడిన యామె యా మఱునాఁడు వేఱువీధిని బోయియుండవచ్చును. ఆమె వేఱువీధిని బోయిన సంగతి యీ వీధిలోని యంత్రమున కెట్లు తెలియును?

ఇది న్యూయార్కువారి సంగతి యని మనము తప్పించుకొనరాదు. మన పల్లెల రచ్చబండను దలఁచుకొనుఁడు. చెట్టు నీడ, చల్లగాలి, కూర్చుండుటకు గట్టు, వచ్చిపోవు జనుల వేడుక: వైట్ కోరిన గుణములన్నియుఁ గలవు. సాయంకాలమున నిండియుండును. పరిశీలకుఁడు లెక్కవ్రాసినచో "మిక్కిలి సఫలమైన స్థలము" అని వ్రాయును. కాని చిరకాలము స్త్రీలు దానిపైఁ గూర్చుండలేదు. ఆ వైపు పోవలసివచ్చినచోఁ బైట సవరించుకొని వడివడిగా నడచిరి. కొన్ని కులములవారు దాని దరికే రాఁగూడక పోయెను. గట్టు నిండియుండుట నిజమే. అది యెవరితో నిండినదని యడుగనిచో లెక్క యబద్ధమగును. పైట సవరింపును, వడివడి నడకయుఁ గూడ నింగితములే గదా! అవి గట్టుమీఁద జరుగలేదు గనుక గట్టును జూచువాని పుస్తకమునకెక్కవు.

నేఁడు రచ్చబండ స్థానమును బస్సునిలయము లాక్రమించినవి. తెలంగాణమున 2023 డిసెంబరు నెలలోను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు నెలలోను ఆర్టీసీ బస్సులలో స్త్రీల కుచితప్రయాణము మొదలైనది. ప్రయాణమునకు డబ్బు అడ్డము తొలఁగినపుడు, నిలుచుచోటు అడ్డము కాకుండఁ జూడవలయును. ఏ యూరి బస్సునిలయమందైనను అరగంట నిలిచి చూచువారికిఁ గనఁబడు దృశ్యమిది. నలుగురు కూర్చుండఁదగిన బల్లమీఁద నిద్దఱు మగవారు కాళ్లు బారచాఁచి, నడుమ సంచియుంచి కూర్చుందురు. ఒక యువతి వచ్చి, బల్లను, సంచిని ఒకసారి చూచి, స్తంభము నానుకొని నిలుచును. సంచిని ఱొమ్మునకు హత్తుకొనును. పలుకకయే సెల్లుఫోనును జెవినుంచుకొనును. వృద్ధురాలొకతె బల్లనుండి దూరముగా నేలమీఁదనే చతికిలఁబడును. ఈ చేష్టలను గణనముచేసి "స్త్రీలకు స్తంభములయందుఁ బ్రీతి మెండు, వృద్ధులు నేలను గోరుదురు, కావున స్తంభములను హెచ్చించి బల్లలను దగ్గింపవచ్చును" అని వ్రాసినవాఁడు కన్నులతోఁ జూచినదే వ్రాసినాఁడు. అంకెలలోఁ దప్పులేదు. వానికి లేనిది ఇంగితజ్ఞానము. స్తంభము ప్రీతిపాత్రము కాదు; వెనుకనుండి యెవఁడును రాకుండ నది కాచును. నేల కోరిక కాదు. లెమ్మని యెవ్వరు ననలేని చోటది యొక్కటే. ఇది నాకుఁ దోఁచిన యర్థమే. నిశ్చయము కావలెనన్నచో వారి నడుగవలయును.

ఇచట మూఁడవ విషయము. పరిశీలకుఁడు చూచుచున్నట్టు చూడఁబడువారికిఁ దెలియకుండుటయే యీ పద్ధతికి బలము. జనుల గమనమునఁ బడక చిత్రములు తీయు నుపాయములను వైట్ తన గ్రంథము చివర నుపదేశించెను. అతఁడు చూచినది జనులకుఁ గుర్చీలు వేయించుటకు. గోడలమీఁద ఇనుపముండ్లను నాటి పేదలను గూర్చుండనీయని భవనస్వాములను అతఁ డెగతాళి చేసెను. అవాంఛనీయులను దఱుముటకంటె నందఱికి నింపైన చోటు చేయుటయే మంచి యుపాయమని వాదించెను. కావున నతని యుద్దేశము శుద్ధము. కాని పద్ధతి యుద్దేశముతోఁ గట్టువడియుండదు. మనుష్యుఁడు చేయు లెక్కను నేఁడు యంత్రములు చేయుచున్నవి. నిద్రించువానికి నీడ కావలెనని తెలిసికొనిన చూపే, వాఁడు పండుకొనకుండ బల్లనడుమ ఇనుపకమ్మి బిగించుటకును బనికివచ్చును. ఇంగితమును జదువు విద్య పరులకు బలము నిచ్చునో, పరులమీఁద బలము నిచ్చునో, చదువువాని శీలమే నిర్ణయించును.

అట్లయినఁ జూచుట మానవలయునా? ఎంతమాత్రము కాదు. చూడక కట్టినవాని ఫలము ఆ 20 ఎకరములలోనే కనఁబడినది. మానవలసినది చూచుటతోనే ముగించుట. చూచినదానిని నిర్ణయముగాఁ గాక ప్రశ్నగా వ్రాసికొనవలయును. ఆ ప్రశ్నను నిలిచినవారినేకాక రానివారిని గూడ, వారి యిండ్లకుఁ బోయియైనను, అడుగవలయును. తరువాత రవంత మార్పు చేసి మరలఁ జూడవలయును. ఈ తుదిమాటకు న్యూయార్కులోని బ్రయంట్ పార్కే నిదర్శనము. ఎత్తైన పొదలును, కంచెయుఁ, కొలఁదిద్వారములును వీధికిఁ జాటుచేయఁగా నది మాదకద్రవ్యములమ్మువారి నెలవై, సామాన్యజనులకు భయస్థానమైయుండెను. చాటు తొలఁగించి దారులు తెఱవుఁడని వైట్ సలహా యిచ్చెను. 1988లో మూసి, బాగుచేసి, 1992లో మరలఁ దెఱచినపుడు అచటఁ గదలింపఁదగిన కుర్చీలు వేయఁబడెను. స్త్రీలు తగినంతమంది వచ్చుచున్నారా యనునది యా తోఁట బాగోగులకు గుఱుతుగా నెంచఁబడినది. కుర్చీలను దొంగలెత్తుకొనిపోవుదు రను భయము చాలవఱకు భయముగానే మిగిలెను.

కావున నా తీర్పిది. వైట్ పుస్తకము చదువఁదగినది, చలనచిత్రము చూడఁదగినది. శైలి సరళము, హాస్యము నిర్మలము, కన్ను తీక్ష్ణము. చూచినవారిని మిక్కిలి ప్రేమతోఁ జూచినాఁడు. చూడనివారిని వెదకుటలో వెనుకఁబడినాఁడు. వాస్తువిద్య నభ్యసించు మన పిల్లలు దానిని జదివి బస్సునిలయమునకో, సంతకో, ఆసుపత్రి వసారాకో పోవునపుడు వ్రాఁతపుస్తకమును, గొలబద్దను మాత్రమే కొనిపోవుట చాలదు. తల్లినో, అమ్మమ్మనో వెంటఁబెట్టుకొని పోయి, "నీవిచట నెచ్చోటఁ గూర్చుందువు? ఎందుకుఁ గూర్చుండవు?" అని యడుగవలయును. ఆమె యుత్తరము చెప్పుటకు ముందు ఏ బల్లవైపు చూచి, ఏ బల్లనుండి చూపు మరల్చుకొన్నదో గమనించి, దానినిఁ గూడ వ్రాసికొనవలయును. ఆ తరువాత బల్లను ఎచట వేయవలయునో నిర్ణయింపవచ్చును.